తొడిమలు లేని మిరపకాయలు

నన్ను వృద్ధాశ్రమం కమిటీలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు, గొంతు విని. వినుకొండ నుంచి మాచర్ల దాకా, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ నిలబడ్డ జనం మధ్యలోంచి దూరి టికెట్లు కొడుతూ బతికిన కండక్టర్ని నేను. గుసగుసగా చెప్పినా పక్కింటి వాళ్ళు జవాబిస్తారని మా ఇంట్లో ఫిర్యాదు. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం వెనకాలే నవ్వొచ్చేస్తుంది. రెండూ కలిసి వచ్చినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అది చూసినవాళ్ళు చెప్పాలి.

రిటైరైన వారంలోనే, అందరూ గుళ్ళకీ తీర్థాలకీ పోతుంటే, నేను నరసరావుపేట దాటాక రొంపిచెర్ల దారిలో ఉన్న ఆ ఆశ్రమానికి ఒక పూట భోజనం పెట్టించాను. పప్పు బకెట్ దగ్గర ముసలివాళ్ళంతా గుంపుగా మూగారు. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. "లోపలికి జరగండి, లోపలికి జరగండి, ముందంతా ఖాళీగా ఉంది." గుంపంతా ఒక్కసారి ముందుకు జరిగింది. గోడకి ఆనుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి కూడా జరిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఆయనే ఆ ఆశ్రమం ఛైర్మన్ అని తర్వాత తెలిసింది.

"అమ్మాయ్, నువ్వు రేపట్నించి మా సెక్రటరీవి," అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన హాస్యమాడడు అనే సంగతి కూడా తర్వాతే తెలిసింది.

ఆయన మిరపకాయల వ్యాపారం చేసి మానేసిన మనిషి. ఆశ్రమం ఒకప్పుడు ఆయన గోడౌను. వాళ్ళమ్మ పోయాక ఆమె పేరు మీద దాన్ని ముసలివాళ్ళ ఇల్లుగా మార్చాడు. ఎన్ని రంగులు వేసినా ఎండాకాలం మధ్యాహ్నాలు గోడల్లోంచి కారం ఘాటు బయటికి వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు తుమ్ముతారు. అలవాటయ్యాక బయటి తిండి చప్పగా ఉందంటారు. ఆయన మంచివాడు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు ఆయన్ని చూసి నేను చాలా నవ్వబోతున్నాను.

ఆ ఇంట్లో ఆయనకి అన్నిటికంటే ప్రాణం నేల మీది బండలు. తెల్లవి, అద్దంలా మెరిసేవి, దగ్గరుండి ఏరి తెప్పించుకున్నవి. ఎవరొచ్చినా ముందు ముసలివాళ్ళని చూపించడు, బండలు చూపిస్తాడు. "వంగి చూడు, నీ మొహం కనబడుద్ది." నేను వంగి చూశాను. కనబడింది. అంత వెలుగులో చూసుకోవాల్సిన మొహమేమీ కాదది.

కమిటీలో ఉన్నవాళ్ళంతా దాతలు. ఫ్యాన్లు ఇచ్చినాయన, మంచాలు ఇచ్చినాయన, నీళ్ళ ట్యాంకు కట్టించినాయన, ఇలా. ఎవరు ఏది ఇస్తే వాళ్ళు దాని గురించే మాట్లాడతారు. ఫ్యానులాయన మీటింగు పొడుగునా తలెత్తి పైకే చూస్తుంటాడు. మీటింగంటే ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం, ఫోటో దిగడం, బజ్జీలు తినడం. ముసలివాళ్ళు ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. నా మొదటి మీటింగులో నేనే అడిగాను.

ఛైర్మన్ గారు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. "ఎట్టా ఉన్నారంటావేందమ్మా? వేరే ఆశ్రమాల్లో రోజుకొకరు కాలుజారి పడతన్నారు. మన దగ్గర ఒక్క మనిషి పడటం లా." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బజ్జీ చేతిలో ఉండటంతో నా చప్పట్లు సరిగా మోగలేదు.

దీని వెనక ఒక రూలుంది. ఒకసారి పడితే హెచ్చరిక. రెండోసారి పడితే సామాను సర్ది సొంతవాళ్ళ దగ్గరికి పంపించడమే. ఎక్కడో ఇంకో ఊరి ఆశ్రమంలో ఒక ముసలాయన పడి తుంటి విరగ్గొట్టుకుంటే, అన్నాళ్ళూ కనబడని చుట్టాలు ట్రాక్టరెక్కి వచ్చి గేటు ముందు కూర్చున్నారట. ఆ కథ విన్న రోజునుంచి ఈయనకి గుండెల్లో దడ. ఆ దడలోంచి పుట్టిన రూలది. మొదట్లో ఒకరిద్దరికి హెచ్చరికలు ఇచ్చాక ఇక ఎవరూ పడలేదని ఆయన లెక్క. నాకు కూడా అది సబబుగానే అనిపించింది. బస్సులో చెయ్యి బయట పెట్టవద్దని రాస్తే పెట్టరు కదా అనుకున్నాను. నిజానికి రాసిన చోటే పెడతారు, ఆ సంగతి నాకే బాగా తెలియాలి.

ఆశ్రమంలో నాకు మొదట్నించీ ముచ్చటగొలిపింది ఆడవాళ్ళ కష్టం. రైతులు బస్తాల్లో మిరపకాయలు ఇచ్చిపోతుంటారు. వంటింటి కారానికని ఆ ముసలమ్మలు చేట ముందు పెట్టుకుని, గుండ్రంగా కూర్చుని తొడిమలు తీస్తుంటారు. మా వైపు ఇది కొత్తేమీ కాదు. నలుగురు ఆడవాళ్ళు నేల మీద గుండ్రంగా కూర్చుంటే మధ్యలో మిరపకాయలుంటాయనే ఎవరైనా అనుకుంటారు. కాకపోతే వీళ్ళు ఎక్కడబడితే అక్కడ కూర్చునేవాళ్ళు. ఒకరోజు స్నానాల గది గుమ్మంలో. ఒకరోజు నడవా మధ్యలో. ఒకరోజు ప్రార్థన గది మెట్టు కింద, మనిషి నడవడానికి సందు లేకుండా.

మధ్యలో ఎప్పుడూ ఒకే మనిషి. ఆమెని అందరూ రొంపిచెర్ల పెద్దమ్మ అంటారు. సన్నగా, పొడుగ్గా, పాక మధ్యలో నిలబెట్టిన నిట్రాటలా ఉంటుంది. బతుకంతా మిరప చేలల్లో, కళ్ళాల్లో గడిచిన మనిషి. ఆమె పక్కనే నానీ. పేటలో వీధివీధీ తిరిగి గాజులమ్మిన సాయిబుల ముసలమ్మ. గుప్పెడంత మనిషి గానీ పరుగెత్తితే పట్టుకోలేం. నడవా మలుపులో కర్ర పట్టుకుని మేస్త్రి తాత నిలబడి ఉంటాడు. ఒకప్పుడు ఇళ్ళు కట్టినాయన. నేను రాగానే కర్రతో బండ మీద టకటకా కొట్టేవాడు. నాకు మర్యాద చేస్తున్నాడనుకుని నమస్కారం పెట్టేదాన్ని.

"కండక్టరమ్మా, ఆగాగు, తొక్కమాక, మిరపకాయలున్నయ్," అనేది నానీ.

"ఎంత కష్టపడతారే మీరు. ఈ వయసులో ఒక్క నిమిషం ఖాళీగా ఉండరు గదా," అని మురిసిపోయేదాన్ని నేను.

పెద్దమ్మ తలెత్తకుండా, "ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తయ్ తల్లీ," అనేది.

నేను అంతటితో ఊరుకున్నానా? మీటింగులో లేచి, ఇంత కష్టజీవులకి కమిటీ తరఫున శాలువాలు కప్పాలని గట్టిగా చెప్పాను. శాలువా అనగానే మా కమిటీకి ప్రాణం లేచొస్తుంది. అప్పటికప్పుడు అందరం నడవాలోకి ఊరేగింపుగా బయల్దేరాం. అదృష్టం కొద్దీ వాళ్ళు అక్కడే ఉన్నారు, చేట చుట్టూ. ఛైర్మన్ గారు శాలువా విప్పి, "లే పెద్దమ్మా, ఫోటో దిగుదాం," అన్నాడు.

పెద్దమ్మ లేవలేదు. "నేను లేస్తే పని ఆగిపోద్దయ్యా. మీరే కూర్చోండి."

ఆ మాటకి ఛైర్మన్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. పని మీద ఇంత భక్తా అని మమ్మల్నందరినీ తలో చూపు చూశాడు. పంచె సర్దుకుని ఆ బండల మీదే చతికిలబడ్డాడు. ఆయన కూర్చున్నాక మాకు తప్పుతుందా? ఫ్యానులాయన, మంచాలాయన, ట్యాంకాయన, నేను, అందరం మోకాళ్ళు పటపటమనిపించుకుంటూ కింద కూర్చున్నాం. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గదిలో ఉంది. అందులో పెద్దమ్మ ఒక్కతే పళ్ళు బిగబట్టి నవ్వుతుంటుంది. సిగ్గుపడుతోందనుకున్నాం.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నాకు కాస్త తీరిక చిక్కింది. వాళ్ళు స్నానాల గది ముందు కూర్చుని ఉన్నారు. నేనూ ఒక చెయ్యి వేద్దామని పక్కన కూర్చుని చేటలోంచి ఒక మిరపకాయ తీసుకున్నాను. తొడిమ లేదు. ఇంకోటి తీశాను. దానికీ లేదు. చేటలో చెయ్యి పెట్టి అడుగునుంచి తిరగేశాను. ఒక్క కాయకీ తొడిమ లేదు. పట్టుకుని పట్టుకుని ఆ కాయలు నునుపు తేలిపోయి ఉన్నాయి.

"ఏం తీస్తున్నారు పెద్దమ్మా?" అన్నాను.

నానీ గొంతు సవరించుకుని, "గింజలు," అంది.

అప్పుడు చూశాను. పెద్దమ్మ ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది. కొంగు తొలగించబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ లాక్కోవడానికే నొప్పెట్టి పెదవి కొరుక్కుంది. మణికట్టు వాచి అరటికాయంత అయింది.

"పడ్డావా?"

"పడలా."

"పెద్దమ్మా."

"మెల్లగా మాట్లాడవే తల్లీ, నీ గొంతు పేటదాకా ఇనబడిద్ది," అంది పెద్దమ్మ. ఆ తర్వాత, తప్పదన్నట్టు, అంతా చెప్పింది.

పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాక ఆమెకి కళ్ళు తిరుగుతాయి. సరిగ్గా ఆ వేళకే నడవా తుడుస్తారు. తడి బండ మీద కాలు పెట్టగానే జర్రున జారుతుంది. ఒకసారి అందరి ముందూ పడింది, అది హెచ్చరికలో పోయింది. ఇంకోసారి పడ్డట్టు తెలిసిందా, పంపించేస్తారు. అందుకని ఆమె పడ్డ చప్పుడు వినబడగానే నానీ చేట పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుంటారు. మలుపులో మేస్త్రి తాత కాపలా. ఎవరైనా వస్తుంటే కర్రతో కొడతాడు. పెద్దమ్మకి లేచే ఓపిక వచ్చేదాకా అందరూ అలా మిరపకాయలు పట్టుకుని కూర్చుంటారు. మేం శాలువా కప్పిన రోజు కూడా ఆమె అప్పుడే పడిందట. లేవమంటే లేవలేకే మమ్మల్ని కూర్చోమందట.

నాకు కోపం నషాళానికంటింది. ఇంతమంది కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారని ఒక కోపం. కళ్ళు తిరుగుతున్నాయని వారం వారం వచ్చే డాక్టరుకి చెప్పకుండా, ఆ మాత్రే మింగుతోందని ఇంకో కోపం. నోరు తెరిచానే గానీ, ట్యాంకాయన మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. పని మీద భక్తి అని ఛైర్మన్ గారు కళ్ళు తుడుచుకోవడం గుర్తొచ్చింది. నవ్వు తన్నుకొచ్చింది. నేను మొదలెట్టాక నానీ అందుకుంది. తాత మలుపు దగ్గరే గోడకి ఆనుకుని ఊగిపోయాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "నవ్వించమాకే, నొప్పి, నవ్వించమాకే," అంటూ కళ్ళ వెంట నీళ్ళు కార్చుకుంది.

నవ్వు తగ్గాక అడిగాను. "ఇంటికి పంపిస్తే ఏమవుతుంది? గురజాల దగ్గర అక్క కొడుకు ఉన్నాడన్నావుగా. తిడతాడా? కొడతాడా?"

"అబ్బే, ఆడు మంచోడు. తిట్టరు, కొట్టరు. ఏళకి అన్నం పెడతారు," అంది పెద్దమ్మ. కాయని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. "నాతో మాట్లాడరు. అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కరూ మాట్లాడరు. ఈడ మంచమ్మీదికి చేరేదాకా మాట్లాడతానే ఉంటాం. నేను పోనే కండక్టరమ్మా."

అంతసేపు నవ్విన చోటే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంది. వేయనన్నాను. "ఈసారి తుంటి విరిగితే ఈ చేట కప్పుద్దా?" అన్నాను. "విరిగితే ఈడ నా మంచమ్మీదే పడుంటాలే," అంది ఆమె మొండిగా. చివరికి, ఆమె పేరు మాత్రం నా నోట రానివ్వనని మాటిచ్చి లేచాను.

ఆ రోజంతా నా బుర్ర బస్సు ఇంజనులా మోగింది. పడితే పంపిస్తామనే రూలు ఒక్కరినీ పడకుండా ఆపలేదు. పడ్డామని చెప్పకుండా మాత్రం ఆపింది. కళ్ళు తిరుగుతున్నాయని డాక్టరుకి తెలియదు, నేల జారుతోందని కమిటీకి తెలియదు, ఎవరికీ ఏమీ తెలియదు గనక మనది చాలా గొప్ప ఆశ్రమం. ఇంతమంది దాతలం కూర్చుని నడుపుతున్నది దీన్నా అనిపించింది. నా మీద నాకే చిరాకేసింది, కమిటీ మీద అంతకంటే ఎక్కువ.

తర్వాతి మీటింగు హాల్లో పెట్టాలని, ముసలివాళ్ళంతా కూడా కూర్చోవాలని పట్టుబట్టాను. మంచాలాయన మొహం చిట్లించాడు. "కమిటీ మీటింగులో వాళ్ళకేం పని?"

"బస్సు ఎటు పోవాలో మాట్లాడుకునేటప్పుడు ప్యాసింజర్లని దింపేసి మాట్లాడతామాండీ?" అన్నాను.

ఛైర్మన్ గారు ఒప్పుకున్నాడు. ఎక్కువ మంది ఉంటే చప్పట్లు ఎక్కువ మోగుతాయని ఆయన ఆశ అయి ఉండొచ్చు. మీటింగు ఉందని ఆ రోజు హాలు రెండుసార్లు తుడిపించాడు కూడా.

ముసలివాళ్ళు గోడల వెంట బెంచీల మీద కూర్చున్నారు. మేం మధ్యలో బల్ల చుట్టూ. బజ్జీలు రాకముందే లేచి నిలబడ్డాను. బజ్జీలు వచ్చాక మా వాళ్ళకి ఏదీ వినబడదు. పడితే పంపించే రూలు తీసేయాలని, పడ్డవాళ్ళు ధైర్యంగా వచ్చి చెప్పుకునేలా ఉండాలని, ఇక్కడ ఉండేవాళ్ళలో ఇద్దరు కమిటీలో ఉండాలని చెప్పాను. చెప్పానంటే, గోడౌను కప్పు అదిరేలా చెప్పాను.

ఛైర్మన్ గారు ఎర్రబడ్డాడు. "రూలు తీసేస్తే రేపట్నుంచి అందరూ పడతారు. ఆ రూలుండబట్టే గదమ్మా ఎవరూ పడందీ?"

"రూలు చూసి భయపడి కాలు జారకుండా ఆగుద్దాండీ?"

"అయితే పడతన్నారంటావా? ఎవరు? పేరు చెప్పు."

ఫ్యానులాయన కూడా పైకి చూడటం మానేశాడు. పెద్దమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుని నన్నే చూస్తోంది. చెయ్యి కొంగు కిందే ఉంది. నా జీవితంలో మొదటిసారి నా గొంతు నాకు అందలేదు.

"చెప్పలేవు. ఎందుకంటే లేరు గనక," అంటూ ఆయన లేచాడు. బల్ల చుట్టూ తిరిగి హాలు మధ్యలోకి వచ్చాడు. "మేలైన బండలు వేయించా. అద్దంలా పెట్టించా. ఈ బండల మీద ఎవడు పడతాడో నేనూ..."

మాట పూర్తి కాలేదు. తెల్ల పంచెతో సహా కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. ఆయన దబ్బున కూలబడ్డాడు.

కమిటీ వాళ్ళం నోరు వెళ్ళబెట్టి అలాగే ఉండిపోయాం. కానీ బెంచీల మీదున్నవాళ్ళు ఉండలేదు. మేం కుర్చీలు వెనక్కి జరుపుకునేలోపలే నానీ చేటతో వచ్చేసింది. ఎక్కడ దాచిందో, ఎప్పుడు తీసిందో నాకిప్పటికీ తెలియదు. పెద్దమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు చుట్టూ సర్దుకున్నారు. మేస్త్రి తాత గుమ్మం దగ్గరికి పోయి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆలోచించి చేసిన పని కాదది. మనిషి పడితే వాళ్ళకి తెలిసిన వైద్యం అదొక్కటే.

కర్ర టకటకలాడింది. నర్సు సిస్టరు వచ్చింది. మాచర్ల పిల్ల, పని మీద శ్రద్ధ గలది. "ఏందా చప్పుడు? అయ్యగారు కింద కూర్చున్నారేంది?"

"ఏం గాలేదమ్మా," అంది పెద్దమ్మ తలెత్తకుండా. "అయ్యగారు తొడిమలు తీస్తన్నాడు."

ఆయన చేతిలో నిజంగానే ఒక మిరపకాయ ఉంది. ఎవరు పెట్టారో. పంచె చెదిరి, మొహం మీద ఏ భావమూ లేకుండా, ఆయన ఆ కాయని చూశాడు. నాకు పొట్టలో నవ్వు బుడగలు మొదలయ్యాయి. చెంగు నోట్లో కుక్కుకున్నాను.

"దీనికి తొడిమ లేదే," అన్నాడు ఆయన.

బతుకంతా మిరపకాయలతోనే గడిపిన మనిషి. ఇంకో కాయ తీశాడు. ఇంకోటి. చేటలో చెయ్యి పెట్టి కలియదిప్పాడు. ఆ తర్వాత తల తిప్పి పెద్దమ్మ చేతిని, ఆ వాచిన మణికట్టుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఈసారి దాచుకోవడానికి ఆమెకి చోటు లేదు. ఆఫీసు గదిలోని ఆ ఫోటో ఆయన కళ్ళ ముందు కదిలిందని నాకు తెలుస్తూనే ఉంది.

"నువ్వేనా పెద్దమ్మా?"

పెద్దమ్మ కాయలు కింద పెట్టింది. "నేనేనయ్యా. మిగతావాళ్ళ తప్పు లేదు. నా సామాను ఒక్క సంచే, సర్దుకుంటా."

"నేను కూడా పడ్డా," అంది నానీ వెంటనే. "నేనే ఎక్కువ సార్లు పడ్డా."

"నేనూ పడ్డా," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి మేస్త్రి తాత. "ఇవి మనుషులు నడిచే బండలు కాదయ్యా. నన్నడిగితే అప్పుడే చెప్పేవోణ్ణి."

ఆ మాటతో బెంచీల మీద ఒక్కొక్కరూ చెయ్యెత్తడం మొదలెట్టారు. బస్సులో దిగేవాళ్ళెవరని అడిగినప్పుడు కూడా అన్ని చేతులు లేవవు. సిస్టరు తల వంచుకుని, "మిరపకాయల చేట పరుగెత్తిన చప్పుడు నాకూ ఇనబడేదండీ. మలుపు తిరగబోయే ముందు కావాలనే దగ్గేదాన్ని," అంది. వాళ్ళు ఆమె దగ్గర దాస్తే, ఆమె మా దగ్గర దాచింది.

ఛైర్మన్ గారు నడుము మీద చెయ్యి వేసుకుని చుట్టూ ఉన్న మొహాలని చూశాడు. ఆయన కోప్పడతాడని అందరం ఎదురుచూస్తున్నాం. ఆయన మెల్లగా, పక్కనున్నవాళ్ళకి మాత్రమే చెబుతున్నట్టు, "నేనూ పోయిన నెల ఇంట్లో పడ్డా. మా కోడలికి చెప్పలా," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదయ్యా?" అంది పెద్దమ్మ.

"చెబితే ఇంక బయటికి కదలనీయరని."

నానీ కిసుక్కుమంది. అంతే, ఇక ఎవరివల్లా కాలేదు. హాలంతా నవ్వులు. నేను చెంగు తీసేసి హాయిగా, నా గొంతుతో నేను నవ్వాను. హాస్యమాడని ఆ మనిషి, మిరపకాయ చేతిలో పట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. నవ్వుతూనే "అబ్బా, నడుము," అన్నాడు.

కింద కూర్చునే చెప్పాడు, నేను రాసుకున్నాను. రూలు పోయింది. ఎవరు పడినా, కళ్ళు తిరిగినా సిస్టరుకి చెప్పాలి. సిస్టరు డాక్టరుకీ కమిటీకీ చెప్పాలి. చెప్పినందుకు ఎవరినీ ఎక్కడికీ పంపకూడదు. నానీ, మేస్త్రి తాత ఇకనుంచి కమిటీలో ఉంటారు. పెద్దమ్మని కూడా అడిగితే, శాలువా కప్పే కమిటీ అయితే తనకొద్దంది. నానీ వచ్చిన మొదటి మీటింగులోనే బజ్జీలు చివర్లో పెట్టాలని తీర్మానం చేయించింది. మేస్త్రి తాత ఇద్దరు కుర్రాళ్ళని పెట్టి, నడిచే దారి పొడుగునా బండలకి ఉలితో గాట్లు పెట్టించాడు. పని జరిగినన్నాళ్ళూ ఛైర్మన్ గారు పక్కన కుర్చీ వేసుకుని, ఉలి పడినప్పుడల్లా తనకే దిగినట్టు కళ్ళు మూసుకునేవాడు.

ఆ హాలు మీటింగు జరిగిన వారంలోనే డాక్టరు వచ్చిన రోజు ఒక తిరునాళ్ళు. గది ముందు లైను నడవా దాటి బయట చెట్టు దాకా పోయింది. పడ్డవాళ్ళంతా వచ్చారు. ఎప్పుడో ఏళ్ళ కిందట మిరప కళ్ళంలో జారిపడ్డ ఆమె వచ్చింది. పెళ్ళిలో పందిరి గుంజకి తగిలి పడ్డ ఆయన వచ్చాడు. ఒకాయన తను పడలేదనీ, పడబోయి ఆగాననీ, అది కూడా రాసుకోమనీ గొడవ చేశాడు. "ఎక్కుతూ పడ్డవాళ్ళు ఇటు, దిగుతూ పడ్డవాళ్ళు అటు, లోపలికి జరగండి," అని నేను అరుస్తూనే ఉన్నాను. ఫ్యానులాయన నా చెవిలో, ఇంతమంది పడ్డారని బయటికి తెలిస్తే మన పేరేంగావాలి అని గొణిగాడు. నేను జవాబిచ్చేలోపు ఛైర్మన్ గారే వెనక్కి తిరిగి, "తెలవనీయండి. తెలవకపోతే బాగుచేసేదెట్టా?" అన్నాడు. ఆయన ఆ రోజు నడుముకి పట్టీ కట్టుకుని తానూ లైన్లోనే నిలబడ్డాడు.

పెద్దమ్మ అందరికంటే వెనక వచ్చింది. కళ్ళు తిరగడం గురించి సిస్టరు ముందే చెప్పేసింది. డాక్టరు ఆమెని నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ చూసి, ఆ మాత్ర సగానికి తగ్గించాడు. టిఫిను తిన్నాకే వేసుకోమన్నాడు. తర్వాత ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని మణికట్టు మీద మెల్లగా నొక్కాడు.

"నొప్పా అమ్మా?"

"లేదయ్యా," అంది పెద్దమ్మ. అలవాటుగా వచ్చేసిన మాట. వారం వారం చెప్పిన మాట.

డాక్టరు ఇంకాస్త నొక్కాడు. ఆమె పళ్ళు బిగబట్టింది. ఫోటోలో ఉన్న మొహమే. నాకు తిట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

ఆమె డాక్టర్ని కాదు, తలుపు దగ్గర పట్టీతో నిలబడ్డ ఛైర్మన్ గారిని చూసింది. "ఇప్పుడు చెప్పచ్చా అయ్యా?"

"చెప్పు పెద్దమ్మా."

"నా మంచం..."

"నీ మంచం ఆణ్ణే ఉంటది. నేనున్నా, లేకపోయినా ఉంటది. రాయించా."

డాక్టరు మళ్ళీ నొక్కాడు. పెద్దమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "అమ్మో, చచ్చాన్రో, నొప్పిరో నాయనో," అని కేక పెట్టింది. చెట్టు కింద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. డాక్టరు అదిరిపడి ఆమె చెయ్యి వదిలేశాడు. వదిలేసినా ఆమె ఆపలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, మొహమంతా విప్పారి, ఇన్నాళ్ళ నొప్పినీ పేరు పెట్టి పిలిచినట్టు అరుస్తూనే ఉంది.